సిమెంటు మీద ఆరేసిన గరిక

నేను బహ్రెయిన్‌లో ఏడేళ్ళు ఉన్నానంటే మా ఊళ్ళో ఎవరికీ ఎక్కదు. "దుబాయిల ఉంటివి గదా" అంటారు. అవును, దుబాయిలోనే అని ఒప్పుకుంటాను. గల్ఫంతా మావాళ్ళకు దుబాయే. అక్కడ ఏం పని చేశావని అడిగితే గడ్డి పని చేశానని చెప్తాను. అప్పుడు నవ్వు మొదలవుతుంది. "ఎడారిల గడ్డెక్కడిదిరా, మమ్ముల ఎర్రోళ్ళను చేస్తున్నవా?" అని. ఆ నవ్వు చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది. ఆ దీవిలో గడ్డి ఎక్కడెక్కడ మొలుస్తుందో నన్నడగండి, ఒక్కో చోటూ వేలు పెట్టి చూపిస్తాను. అది కోరి నేర్చుకున్న విద్య కాదు. ఒక ఎండాకాలం నా చేతులు చేసిన నిర్వాకానికి, గోనె సంచి భుజాన వేసుకుని గడ్డి కోసం ఆ దీవంతా తిరిగాను.

మాది జగిత్యాల వైపు పల్లె. బహ్రెయిన్ వెళ్ళేనాటికి నాకు ముప్పై ఏళ్ళు, ఇద్దరు పిల్లలు. అప్పటికి పదిహేనేళ్ళుగా పొలం పని చేస్తున్నాను. సౌదీకి సముద్రం మీద వంతెన కడుతున్న రోజులవి. మా జిల్లావాళ్ళు చాలామంది కట్టడాల పనుల్లో ఉండి క్యాంపుల్లో బతికేవాళ్ళు. నాకు తోట పని దొరికింది. పొలం చేసినవాడికి తోట పని ఎంతసేపు, కళ్ళు మూసుకుని చేస్తాను అనుకున్నాను. ఆ ధీమాయే కొంప ముంచింది.

ముందు గరిక సంగతి చెప్పాలి. వినాయక చవితి నాడు దాన్ని దేవుడి ముందు పెట్టుకుంటాం. అది ఒక్క రోజు మర్యాద. మిగతా ఏడాదంతా తిట్టుకుంటాం. పైన కోస్తే కింద నుంచి వస్తుంది, కింద తవ్వితే పక్క నుంచి వస్తుంది. ఒక్క కణుపు మట్టిలో మిగిలినా వారంలో మళ్ళీ పాకుతుంది. అందుకే మా వైపు గరికను తవ్వి ఊరికే గట్టున పడేయరు. మన్ను దులిపి, బండ మీద పల్చగా పరిచి, వేర్లు పైకి వచ్చేట్టు తిరగేసి, ఎండలో చంపుతారు. మా నాయన దగ్గర నేను మొట్టమొదట నేర్చుకున్న పని ఇదే. నా చేలో గరిక చూపించినవాడికి కల్లు పోయిస్తానని పందెం కాసేవాణ్ణి. ఎవడూ తాగలేదు.

జింజ్ అనే పేటలో మా కఫీల్ ఇల్లు పెద్దది. కఫీల్ అంటే మా వీసాలూ పాస్‌పోర్టులూ చేతిలో ఉన్న యజమాని. ఆయన ఉండమంటే ఉండాలి, పొమ్మంటే విమానం ఎక్కాలి. ఇంటి వెనక రెండు గదుల్లో తోటవాళ్ళ బస. నాకంటే ముందు నుంచి అక్కడ ఉన్న మనిషి ఒకాయన, మా జిల్లావాడే, యాభైకి దగ్గరపడ్డవాడు. నెత్తురు సంబంధం ఏమీ లేదు గానీ మొదటి రోజే నేను కాకా అన్నాను, ఆయన కొడుకా అన్నాడు. ఐదేళ్ళు దాటింది ఆయన వచ్చి. మెట్ట చేలో బోరు వేయించి, నీళ్ళు పడ్డ రోజున శాశ్వతంగా ఇంటికి పోతానని చెప్పేవాడు. మాట తక్కువ. ఉన్న మాటల్లో సగం బోరు గురించే.

నేను చేరిన మూడు వారాలకు కఫీల్ పెళ్ళాం పిల్లలతో చల్లని దేశానికి వెళ్ళాడు. నలభై రోజులకు తిరిగి వస్తానన్నాడు. ఆ వెళ్ళిన నాలుగో రోజున కాకకు కడుపులో నొప్పి లేచింది. రాయి ఉందన్నారు, మూడు రోజులు ఆసుపత్రిలో పెట్టుకున్నారు. వ్యాన్ ఎక్కుతూ నాతో, "ముందటి భూమిని మంచిగ చూస్కో కొడుకా, నీళ్ళు మర్వకు" అన్నాడు.

అప్పటిదాకా నా పనంతా వెనకవైపు ఖర్జూరపు చెట్ల దగ్గరా, పూలకుండీల దగ్గరా. ఇంటి ముందు భూమిని దగ్గరగా చూడలేదు. ఆ రోజు తెల్లవారుజామున నీళ్ళ పైపు పట్టుకుని వెళ్ళి చూశాను. లారీలతో మంచి మట్టి తెచ్చి, రాయీ రప్పా ఏరి, సమంగా చదును చేసిన గుంటెడు భూమి. అందులో ఆ మూల నుంచి ఈ మూల దాకా గరిక. సాళ్ళు సాళ్ళుగా పాకి, అక్కడక్కడా ఒకదాన్నొకటి అందుకుంటోంది. పాపం కాక నొప్పి వల్ల చేతకాక వదిలేసినట్టున్నాడు, ఇంకో నెల ఆగితే ఈ భూమి ఎందుకూ పనికిరాదు అనుకున్నాను. గరిక సాళ్ళలో ఎందుకుంది అని ఒక్క క్షణం ఆగి ఆలోచించి ఉంటే నా కథ వేరుగా ఉండేది. ఒక మనిషి గరికను చేతులారా నాటుతాడన్న ఊహ నా బుర్రకు అందేది కాదు.

రెండు రోజులు పట్టింది. పొద్దున్నా సాయంత్రమూ కలుపు తీసే ఖుర్పీతో కూర్చున్నాను. పైపైన పీకలేదు, వేరు చివర దాకా వెళ్ళి తీశాను. మట్టిని వేళ్ళతో జల్లించి కణుపు ముక్కలు ఏరాను. అంతా కారు నిలిపే సిమెంటు మీద పరిచి, వేర్లు పైకి తిరగేశాను. మా బండ కంటే ఆ సిమెంటు నయం, మధ్యాహ్నానికే చిటపటలాడింది. మూడో రోజున భూమిని మళ్ళీ చదును చేసి, నీళ్ళు చల్లి, అరిగిన చీపురుతో అంచులు సరిచేసి, కాక కోసం ఎదురు చూశాను. మెచ్చుకుంటాడని ఎదురు చూశాను. ఇది చెప్పడానికి ఇప్పటికీ సిగ్గేస్తుంది.

కాక వ్యాన్ దిగి గేటు దగ్గరే నిలబడ్డాడు. తర్వాత మెల్లగా వచ్చి బోర్లించిన బకెట్టు మీద కూర్చున్నాడు.

"ఏడ ఏసినవ్?" అన్నాడు.

"సిమెంటు మీద ఎండబోసిన కాకా. అన్నీ కాలబెట్టిన గూడ. ఇగ మల్ల బతుకది."

"బతుకది," అన్నాడు కాక. తిట్టలేదు. తిడితే బాగుండుననిపించింది నాకు. నేల వైపే చూస్తూ చెప్పాడు. "అది నేను నాటిన గడ్డి కొడుకా. నెల దాటె నాటి. గీడ దొరలు గరకనే నాటిపిచ్చుకుంటరు, దాని మీద కుర్చీలేసుకొని చాయ్ తాగుతరు."

కొత్త గడ్డి కొని నాటుదామన్నాను. గడ్డి అమ్మే తోట ఉంది గానీ అక్కడ సామాన్ తేవాలంటే కఫీల్ ఆఫీసు నుంచి కాగితం కావాలి, కాగితం అడిగితే కారణం చెప్పాలి అన్నాడు కాక. ఆపైన ఇంకో మాట చెప్పాడు. ఇదే ఇంట్లో, ఇదే గడ్డి ఖరాబు చేశాడని కొన్నేళ్ళ కింద ఒకణ్ణి కఫీల్ ఇంటికి పంపించేశాడట. మూడు రోజుల్లో ఖలాస్, టికెట్ చేతిలో పెట్టాడట.

"అయితే నన్ను తోలిస్తడా కాకా?"

"నిన్నెందుకు తోలిస్తడు? గడ్డి డ్యూటీ నాది. అడిగితే నేనే పీకిన అని చెప్త. నువ్వు నోరు తెర్వకు, సమజైందా?"

ఆ మాటతో నా భయం తగ్గలేదు సరికదా రెండింతలైంది. నన్ను పంపిస్తే నా రాత. కానీ ఆయన బోరు? ఐదేళ్ళ ఎండ అంతా నేను రెండు రోజుల్లో సిమెంటు మీద ఆరేశానా?

ముప్పై మూడు రోజులు మిగిలాయి. గరికకు ఎండా నీళ్ళూ ఉంటే ముప్పై రోజులు చాలు, ఆ సంగతి దాన్ని ద్వేషించేవాడికి తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదు. కావలసింది విత్తనపు పోచలు. ఎక్కడున్నాయో వెతకాలి. మాకు నీళ్ళు తెచ్చే ట్యాంకరు నడిపే పెషావర్ భాయ్‌ని అడిగితే, ఎక్కడెక్కడ నీళ్ళు కారుతాయో అక్కడ చూడండి అన్నాడు. ఇంతకంటే తెలివైన సలహా నాకు జీవితంలో ఎవరూ ఇవ్వలేదు. మా దేశంలో గడ్డి లేని చోటు వెతకాలి. అక్కడ నీటి చుక్క పడే చోటు వెతకాలి.

జింజ్‌లోనే మొదలుపెట్టాను. ఇళ్ళ వెనక సందుల్లో, ఏసీ పెట్టెల కింద. పగలూ రాత్రీ చుక్క చుక్క కారే నీటికి గోడ మొదట్లో అరచేతి మేర పచ్చన. ఒక్కో ఏసీ కింద ఏడెనిమిది పోచలు, మట్టి కంటే సిమెంటు పొడి ఎక్కువ ఉన్న చోట కూడా. ట్యాంకర్లు నీళ్ళు నింపుకునే చోట ఇంకాస్త దొరికింది. జింజ్ పక్కన పాత ఊట నుంచి తోటలకు పోయే కాలువల్లో సగం ఎండిపోయాయి గానీ, తడి మిగిలిన కాలువ గట్లను గరిక వదల్లేదు. నీళ్ళలోనే నిలబడి మా రెల్లు కంటే పొడుగు గడ్డి ఒకటి ఉండేది, గాలికి గరగరలాడేది. దాని పక్కనే తుంగ. తుంగను చూసి నవ్వొచ్చింది. వరి మడిలో నా ప్రాణం తీసిన తుంగ, వీసా లేకుండా నాకంటే ముందే వచ్చి కూర్చుంది.

వారం తిరిగేసరికి ఒక సంచి కూడా నిండలేదు. నాకు తొందర. విమానం దిగిన రోజున ఎయిర్‌పోర్టు దగ్గర, అరాద్ ఒడ్డున, నేలను అంటుకుని పచ్చగా ఏదో పరుచుకుని ఉండటం చూసిన గుర్తు. శుక్రవారం సెలవు పూట కాకకు చెప్పకుండా బస్సెక్కి వెళ్ళాను. ఉంది. సముద్రం నీళ్ళు వచ్చి పోయే బురదనేల పక్కన, తెల్లటి ఉప్పు పేరిన మట్టి మీద, అచ్చంగా గరికలా పాకుతున్న గడ్డి. అవే కణుపులు, అవే తీగలు, కణుపు కణుపుకూ వేరు. ఆకులు కాస్త పొట్టిగా బిరుసుగా ఉన్నాయి. ఎండకు అలా అయిందిలే అనుకున్నాను. రెండు సంచులు నింపుకుని, బస్సులో జనం ముక్కులు మూసుకుంటుంటే దర్జాగా తెచ్చి కాక ముందు పోశాను.

కాక ఒక పోచ తీసి ఎండకు పట్టి చూశాడు. నా చేతికిచ్చి, "నాకి చూడు" అన్నాడు.

నాకాను. ఉప్పు. ఆకు మీద సన్నటి పలుకులు మెరుస్తున్నాయి. ఆ గడ్డి ఉప్పునీళ్ళు తాగి ఉప్పును ఆకుల మీదుగా బయటికి కక్కుతుందట. మంచినీళ్ళు పెడితే కుళ్ళుతుందో బతుకుతుందో తెలియదు గానీ, బతికినా కఫీల్ పిల్లలు చెప్పుల్లేకుండా నడిస్తే అరికాళ్ళు గుచ్చుకుంటాయి అన్నాడు కాక. నేను రెండు సంచులూ మళ్ళీ ఎత్తుకున్నాను.

"ఏడికి?"

"సిమెంటు మీద ఎండబోస్త."

కాక మొదటిసారి నవ్వాడు. కడుపు పట్టుకుని నవ్వాడు, రాయి నొప్పి వల్ల మధ్యలో మూలిగాడు కూడా.

చివరికి గరిక జల్లాఖ్‌లో దొరికింది. దీవికి పడమటి ఒడ్డు. పెషావర్ భాయ్ ట్యాంకరులో ఇద్దరం వెళ్ళాం. ఊరు దాటాక దారంతా బోడి నేల. అందులోనూ గడ్డి ఉంది, దూరం దూరంగా, మోకాలెత్తు కుచ్చులు, చచ్చిందో బతికిందో తెలియని రంగు. ఒక్కో కుచ్చు మొదట్లో గాలి పోసిన ఇసుక గుట్ట. ఏళ్ళ తరబడి ఉన్నాయట అవి. తర్వాత ఖర్జూరపు తోటలు వచ్చాయి. చెట్ల నీడ, నీడ కింద పశువుల మేత మడులు, మడుల మధ్య కాలువలు. మురుగునీరు పోయే గట్టున దర్భ గుంపులు గుంపులుగా, ఆకు అంచు తగిలితే వేలు తెగేట్టు. ఇక మడుల్లో, కాలువ ఒడ్లలో, ఖర్జూరపు మొదళ్ళ చుట్టూ గరిక. మెత్తని, చిక్కని, నల్లపచ్చ గరిక. నా చేలో కనబడితే వారం రోజులు నిద్ర పట్టనంత గరిక.

తోట ముసలాయన బహ్రెయిన్ మనిషే. చేతిలో కొడవలి, తలకు తుండు, కాళ్ళకు చెప్పుల్లేవు. ఈ గడ్డి పీక్కుంటామని కాక అరబ్బీలో అడిగాడు. ముసలాయన మొహం వెలిగిపోయింది. అంతా పీక్కోండి, వేళ్ళతో సహా తీసుకుపోండి, నా మడులను తినేస్తోంది అన్నాడట. మేకలకా అని అడిగాడు. కాదు, నాటడానికి అన్నాడు కాక. ముసలాయన మా ఇద్దరినీ మార్చి మార్చి చూశాడు. నాటడానికా అని మళ్ళీ అడిగాడు. అవునన్నాక కాలువ గట్టు మీద కూలబడి, "మజ్నూన్, మజ్నూన్" అంటూ తొడ చరుచుకుని నవ్వాడు. పిచ్చోళ్ళు అని. ఆ మాట ఎవరూ చెప్పకుండానే అర్థమైంది నాకు. నిజం చెప్పొద్దూ, ఆ దీవిలో నా మనసెరిగిన మనిషి దొరికాడనిపించింది. గరికను తిట్టేవాడు ఏ భాషలో తిట్టినా నాకు బంధువే.

నాలుగు సంచులు తెచ్చాం. పీకేటప్పుడు నా చేతులు మాట వినలేదు. మన్ను దులపబోతాయి, కాక చెయ్యి పట్టుకుని ఆపుతాడు. మన్నుతోనే, తడి గోనెలో, వేర్లు తెగకుండా. వచ్చి మూడు కణుపుల ముక్కలుగా తెంపి, జానెడు జానెడు దూరంలో నాటాం. రెండు కణుపులు మట్టిలో, ఒకటి పైన. పొద్దున నీళ్ళు, సాయంత్రం నీళ్ళు. పదో రోజున కొత్త ఆకు. నేను పీకిన భూమిలో అక్కడక్కడా పాత గరిక కూడా లేచింది, నా కన్ను తప్పించుకున్న కణుపులు. జీవితంలో మొదటిసారి నా కలుపుతీతలో తప్పు దొరికినందుకు దేవుడికి దండం పెట్టుకున్నాను.

కఫీల్ చెప్పిన రోజుకే వచ్చాడు. అప్పటికి భూమి పచ్చబడింది గానీ, ఒక్క పచ్చ కాదు. జల్లాఖ్ గరిక నలుపు, జింజ్ సందుల గరిక లేత పసుపు, గోడ వారగా ఇంకా మన్ను కనబడుతూనే ఉంది. మర్నాడు పొద్దున ఆయన చెప్పులు విడిచి గడ్డి మీద నడిచాడు. ఆ చివర దాకా వెళ్ళి, తిరిగొచ్చి, మమ్మల్ని పిలిచాడు. ఆయనకు హిందీ బాగానే వచ్చు. ఇది నేను చూసి వెళ్ళిన గడ్డి కాదు, అదేమైంది అని అడిగాడు.

కాక ఒక అడుగు ముందుకు వేశాడు. ఆయన నోరు తెరిచే లోపల నేను, "మై నికాలా" అన్నాను, పీకింది నేనేనని.

ఎందుకన్నానంటే పెద్ద ధర్మం ఆలోచించి కాదు. కాక మెడ వెనక ఎండకు కమిలిన ముడతలు కనబడ్డాయి, ఈ మనిషి రేపు బోరు లేకుండా ఊరికి పోతాడు అనిపించింది, నోట్లోంచి మాట వచ్చేసింది. కాక కాదు కాదు నేనే అన్నాడు. నేను కాదు నేనన్నాను. కఫీల్ చెయ్యెత్తి ఇద్దరినీ ఆపి, ఎందుకు పీకావని నన్నడిగాడు. వచ్చీరాని హిందీలో చెప్పాను. మా దేశంలో ఇది చేనుకు పగ సాబ్, కనబడితే చేతులు ఊరుకోవు. మళ్ళీ ఎక్కడి నుంచి తెచ్చారంటే జల్లాఖ్ అన్నాను. ఆయన నా చేతుల వైపు చూశాడు. మొహంలో కోపం ఉందో నవ్వుందో తెలియలేదు. తన అన్నకు జల్లాఖ్‌లో తోట ఉందనీ, అక్కడ మనిషి కావాలనీ చెప్పి, రేపటి నుంచి నువ్వక్కడ, కడుపు నిండా పీకు అన్నాడు. కాకను ఏమీ అనలేదు.

నాకు నేల మీద కాళ్ళు ఆనలేదు. ఇంటికి పోనక్కర్లేదు, కాక ఉద్యోగం ఉంది. గదికి పరిగెత్తి సామాన్ సర్దుకుంటుంటే కాక వెనకే వచ్చాడు. మెచ్చుకుంటాడని మళ్ళీ ఎదురు చూశాను. నాకు బుద్ధి రాలేదు.

"ఎవడు చెప్పమన్నడురా నిన్ను?" అన్నాడు. "నోరు తెర్వకంటి గదా. నేను చెప్తనంటి గదా."

"నువ్వు పోతే బోరెట్ల కాకా..."

"బోరు బొందల వడ!" అని అరిచి, మంచం మీద కూర్చుని తల పట్టుకున్నాడు. అప్పుడు చెప్పాడు. ఇంటికి పంపించేశారని చెప్పిన ఆ మనిషి నిజామాబాద్ వైపు వాడు. ఆ ఇంట్లో పాత తోటమాలి, గడ్డి నాటింది ఆయన. కాక అప్పుడు కొత్త. వచ్చిన నెలకే, ఆయన జ్వరంతో పడుకున్న రోజున, ఖుర్పీ పట్టుకుని గడ్డంతా తీసేశాడు, వేర్లతో సహా, నాలాగే. కఫీల్ వచ్చి గడ్డి పని ఎవరిదని అడిగాడు.

"ఆయన నా దిక్కు చూసిండు. నేను నేల దిక్కు చూసిన. గంతే. ఆయన నోరు తెర్వలే. మూడో రోజుకు విమానం ఎక్కిండు." కాక ముక్కు తుడుచుకున్నాడు. "ఇన్నేండ్లకు ఒక్క మోక దొరికె. నేనే పీకిన అని ఆ కఫీల్ మొఖం మీద ఒక్కసారన్న చెప్దామనుకున్న. అది గూడ నువ్వే ఎత్కపోతివి."

అడగకూడదనుకుంటూనే అడిగాను. "మరి నాకు ముందుగాల్నే చెప్తే అయిపోవు గదా కాకా, గది గరకనే, పీకద్దని?"

"చెప్తే గిది గూడ చెప్పవలసి అస్తది గదరా."

వ్యాన్ వచ్చింది. నేనెక్కాను. ఆయన బయటికి రాలేదు.

జల్లాఖ్‌లో ఉండగా నేను ఆ దీవి గడ్డిని నిజంగా చూశాను. చలికాలం నాలుగు చినుకులు పడితే బోడి నేల మీద వెంట్రుకల్లాంటి సన్న గడ్డి లేచేది, తెల్లటి కుచ్చులతో, రెండు వారాలకు మాయమయ్యేది. మోకాలెత్తు కుచ్చులు కూడా మొదట్లో పచ్చని పోచ ఒకటి రెండు వేసేవి. ఉప్పు గడ్డి సముద్రం వైపు, దర్భ మురుగు వైపు, గరిక మంచినీళ్ళ వైపు, ఎవరి హద్దులో వాళ్ళు. నా డ్యూటీ గరికను మడుల్లోంచి పీకడం. పీకాను. కానీ కాలువ మలుపులో చాపంత మేర వదిలేసేవాణ్ణి. మాకు గరిక ఇచ్చిన ముసలాయన తోట పక్కదే, ఆయన అది చూసి మళ్ళీ మజ్నూన్ అనేవాడు.

కాక తొమ్మిది నెలలు నాతో మాట్లాడలేదు. శుక్రవారం నేను జింజ్ వెళ్తే అన్నం పెట్టేవాడు, కూర వేసేవాడు, మాట మాత్రం లేదు. మనిషికి మంచి చేశాననుకున్నాను, ఆయన దగ్గర నుంచి ఏదో దోచుకున్నట్టయింది. అది నన్ను చాలా బాధపెట్టింది. తర్వాత ఆయన సెలవు మీద ఇంటికి వెళ్ళాడు. రెండు నెలలకు తిరిగొచ్చిన మొదటి శుక్రవారం, ట్యాంకరు దిగి, పొలం గట్టున నడిచినట్టు కాలువ గట్టున నడుచుకుంటూ నా తోటలోకి వచ్చాడు. బోరు పడిందా అన్నాను. పడిందన్నాడు, రెండించుల నీళ్ళు, దాని అప్పు తీరేదాకా ఇక్కడే ఉంటానన్నాడు. నా పక్కన కూర్చుని, నేను పీకుతున్న మడిలో తానూ ఒక చెయ్యి వేశాడు.

"నిజామాబాద్ పోయిన," అన్నాడు.

నేను పీకడం ఆపాను.

"ఊరు ఎరుకనే. అడుక్కుంట పోయిన. ఇంటికాడ లేడు, చేన్ల ఉన్నడంటే ఆడికే పోయిన. కూసోని గరక తీస్తున్నడు. నన్ను చూసిండు, గుర్తువట్టిండు, రమ్మనలే, పొమ్మనలే. నేను గూడ పక్క సాలుల కూసున్న. పొద్దుమూకే దాక ఇద్దరం తీసినం."

"చెప్పినవా కాకా?"

"చెప్పిన. పీకింది నేను, పోయింది నువ్వు, ఆ నాడు నేను నోరు తెర్వలే అని చెప్పిన."

"ఏమన్నడు?"

కాక చేతిలోని గరిక తీగను చూసుకున్నాడు. అలవాటుగా దాని మన్ను దులిపి, గట్టు మీద వేర్లు పైకి తిరగేసి పెట్టాడు.

"'గా మూలకు ఇంకింత ఉన్నది, పీకు' అన్నడు."